కిట్ కారుకు పాత ఇంజనా, కొత్తదా?

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండ్‌లో విడిభాగాల కిట్ కొని ఇంటి గ్యారేజీల్లోనే కార్లు కట్టుకునేవాళ్ల గురించి మీ ఆదివారం వ్యాసం బాగుంది. పాత కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే పరికరం) ఇంజన్ అయితే తలనొప్పి ఉండదన్న మాటతో మాత్రం ఏకీభవించలేను. చిన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు లోటస్ సెవెన్ తరహా కారు బరువే ఐదారు వందల కిలోలు. ఏ ఇంజన్ పెట్టినా పరుగుకు లోటుండదు. డబ్బూ కాలమూ తినేది ఇంజన్ చుట్టూ ఉండే సరంజామా.

పాతవాటిలో ఫోర్డ్ కెంట్ క్రాస్‌ఫ్లో 1600లో ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) లేదు, వైరింగ్ చాలా తక్కువ. స్పానర్లు, ఫీలర్ గేజ్ ఉంటే సగం పని అయిపోతుంది. కానీ బ్రిటన్ బంకుల్లో 2000 జనవరి నుంచి సీసం పెట్రోలు లేదు. సీసం లేకుండా ఎక్కువ వేగంలో నడిపితే ఇనుప హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు (పొగ బయటికి వదిలే వాల్వులు ఆనే చోట్లు) అరిగి కుంగుతాయి, వాల్వుకు ఉండాల్సిన ట్యాపెట్ సందు తగ్గుతూ పోయి చివరికి వాల్వ్ కాలిపోతుంది. హెడ్ విప్పినప్పుడే గట్టి సీట్లు వేయించాలి. వాల్వులను తెరిచే కామ్ షాఫ్ట్ మారిస్తే దాని మీద ఆనే ఫాలోయర్లూ కొత్తవే వేయాలి. మొదటిసారి స్టార్ట్ చేశాక ఐడిల్‌లో వదలకుండా 20 నిమిషాలు 2000–2500 ఆర్‌పీఎంలో ఉంచాలి, లేకుంటే కామ్ షాఫ్ట్ మీది ఉబ్బులు (లోబ్‌లు) ఆ పూటే పాడవుతాయి. ఆయిల్ కూడా జింక్ తగినంత ఉన్న 20డబ్ల్యూ-50 కావాలి. ఫోర్డ్‌దే మరో పాత ఇంజన్ పింటోలో అయితే కామ్ మీద ఆయిల్ చల్లే గొట్టం రంధ్రాలు పూడుకుపోతాయి. గొట్టం మార్చకుండా కామ్ ఒక్కటే మార్చడం డబ్బు దండగ.

2021 సెప్టెంబరు నుంచి అక్కడ మామూలు పెట్రోలు ఈ10 (పది శాతం వరకు ఇథనాల్ కలిపినది). పాత రబ్బరు పైపులు చిట్లుతాయి, పెట్రోలు-గాలి మిశ్రమం పలచబడుతుంది, కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్ కాస్త పెద్దది వేయాలి. ఈ20 పోయించుకుంటున్న మన పద్మిని, అంబాసిడర్ యజమానులకు ఈ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

ఇక కొత్తది. ఫోర్డ్ డ్యూరాటెక్ 2.0 అల్యూమినియం ఇంజన్, టైమింగ్ చైన్‌ది (వాల్వులు సరైన వేళకు తెరుచుకునేలా చూసే గొలుసు). బాగుంటుంది. అయితే అడ్డంగా కూర్చోవడానికి చేసినదాన్ని కారు పొడవునా తిప్పితే వెనుక నీటి గొట్టం బల్క్‌హెడ్‌కు (ఇంజన్‌కూ డ్రైవరుకూ మధ్య గోడకు) తగులుతుంది, కింది ఆయిల్ తొట్టి (సంప్) నేలకు మరీ దగ్గరవుతుంది. రెండింటికీ విడిగా భాగాలు కొనాలి. పెట్రోలును చిమ్మే ఇంజెక్షన్‌కు పెట్రోలు దాదాపు 3 బార్ ఒత్తిడితో రావాలి, కార్బురేటర్ పంపు పావు బార్ దగ్గరే ఆగిపోతుంది. మలుపుల్లో పెట్రోలు ఒక పక్కకు ఒరిగి పంపు గాలి పీల్చకుండా స్విర్ల్ పాట్ (పంపు దగ్గర పెట్రోలు నిలిపే చిన్న డబ్బా) కూడా పెట్టాలి. చాలామందిని దెబ్బతీసేది క్రాంక్ పుల్లీ. దానికి కీ (స్థానం జారకుండా పట్టే చిన్న లోహపు ముక్క) ఉండదు, బోల్టు బిగింపే పట్టి ఉంచుతుంది. లాకింగ్ పిన్నులు పెట్టకుండా ఆ బోల్టు వదులు చేస్తే టైమింగ్ జారి వాల్వులు పిస్టన్లకు తగలొచ్చు. కంపెనీ ఈసీయూనే వాడదలిస్తే తాళంచెవి, ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని అడ్డుకునే) భాగాలు, వైరింగ్ అన్నీ ఒకే కారువై ఉండాలి, లేకుంటే ఇంజన్ తిరుగుతుంది తప్ప అంటుకోదు. వేరే ఈసీయూ కొంటే రోలింగ్ రోడ్డు (కారు కదలకుండా చక్రాలు తిప్పి చూసే యంత్రం) మీద ఈసీయూను ఇంజన్‌కు సరిపెట్టే మ్యాపింగ్ ఖర్చు తప్పదు.

మొదటిసారి కట్టేవాళ్లకు నేను చెప్పేది ఈ రెండూ కాదు, 1990ల నాటి మాజ్దా ఎంఎక్స్-5 1.6. ఇంజన్ మొదటి నుంచే కారు పొడవునా అమర్చి ఉంటుంది. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, వైరింగ్ అన్నీ ఒకే కారులో దొరుకుతాయి. టైమింగ్ బెల్టు తెగినా వాల్వులు వంగవు. బాడీ తుప్పు పట్టిన కారు చవగ్గానే వస్తుంది.

ఏది కొన్నా ఇంజన్ నంబరుతో తయారీ తేదీ రుజువు సంపాదించాలి. బ్రిటన్‌లో సొంతంగా కట్టిన కారును రోడ్డెక్కించే ముందు చేసే ఐవీఏ పరీక్షలో పొగ పరిమితి ఇంజన్ వయసును బట్టి ఉంటుంది. 1975 ఆగస్టు 1కి ముందుదని కాగితం చూపితే కంటికి కనిపించే పొగనే చూస్తారు.

ఇక్కడి ఉత్సాహవంతులకు ఒక మాట. మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్పుకు ముందుగా ఆర్టీవో అనుమతి కావాలి. కొనేశాక అడుగుదామనుకోవద్దు.

— ఒక పాఠకుడు