ట్రింకోమలీ ఓడ నమూనాకి చెయ్యేసిన బరంపురం, గోపాల్‌పూర్, బెల్లగుంఠ పనివాళ్లకి కృతజ్ఞతలు

ట్రింకోమలీ నమూనా అద్దాల పెట్టెలోకి చేరింది. ఊరికే ‘అందరికీ ధన్యవాదాలు’ అనేస్తే ఎవరిచ్చిన సాయం ఏమిటో తెలియదు. అందుకే ఎవరి దగ్గర ఏం తీసుకున్నామో కొలతలతో సహా ఇక్కడ పెడుతున్నాం. రేపు పర్లాకిమిడిలోనో రాయగడలోనో ఇంకెవరైనా ఓడ మొదలెడితే పనికొస్తుంది.

ముందు ఓడ గురించి క్లుప్తంగా. బ్రిటిష్ నౌకాదళం కోసం బొంబాయిలో జంషెట్‌జీ బొమన్‌జీ వాడియా పర్యవేక్షణలో టేకుతో కట్టిన ఫ్రిగేట్ రకం యుద్ధనౌక ఇది. 1817 అక్టోబర్ 12న నీళ్లలోకి దింపారు. ఇప్పటికీ ఇంగ్లండులో హార్టిల్‌పూల్ రేవులో తేలుతూనే ఉంది. ఫిరంగుల డెక్కు పొడవు సుమారు 150 అడుగులు, ఓడ వెడల్పు 40 అడుగులు. 1:64 స్కేలులో అడుగుకి 3/16 అంగుళం లెక్కన ఓడ పొట్ట పొడవు 28 అంగుళాలు వస్తుంది. ముక్కు కొయ్య, వెనక అడ్డకొయ్య కలుపుకుంటే బల్ల మీద చాలా ఎక్కువ చోటు పడుతుంది. పెట్టెకి కొలతలిచ్చేటప్పుడు పొట్ట పొడవు చూసి ఇవ్వకండి.

మొదటి నమస్కారం నక్షాలు ప్రింటు తీసిన కుర్రాడికి. ‘ఫిట్ టు పేజ్’ తీసేసి నూటికి నూరు శాతం మీద పెట్టి, ప్రతి షీటు మీదా స్కేలు గీతని నిలువుగా, అడ్డంగా రెండు వైపులా కొలిచి చూపించాడు. చుట్ట కాగితం లాగే మిషన్లో ఒకవైపు సరిగ్గా ఉండి, రెండోవైపు సాగే ప్రమాదం ఉంది. ఒక్క శాతం తేడా అంటే ఈ ఓడలో 7 మిల్లీమీటర్లు. ఓడ పొడవునా నిలబడే వెన్నుపలక ఒక షీటు నుంచి, దానికి అడ్డంగా గాళ్లలో దిగి ఓడ ఆకారమిచ్చే అడ్డపలకలు ఇంకో షీటు నుంచి కోస్తే గాడిలో గాడి కూర్చోదు.

కర్ర విషయంలో రుణం పాత కలప అడితి దగ్గరి వడ్రంగి మాస్టారుది. అసలు ఓడ టేకుది కాబట్టి నమూనా కూడా టేకుతోనే అనుకోవడం సహజం. ఆయన టేకు ముక్కని చిత్రిక పట్టి, భూతద్దం కింద పెట్టి చూపించారు. కర్రలోని రంధ్రాలు 1:64లో గుంటల్లా కనిపిస్తాయి, సన్నటి అంచు తెగిపోతుంది. ఆయన చెప్పినట్టే పైపలకలకి ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర, కీలుకీ (ఓడ అడుగున వెన్నెముకలా సాగే దూలం) ముక్కు భాగానికీ హల్దూ వాడాం. రెండూ సన్నటి పోగు కర్రలే, ఉలి మాట వింటాయి. అడ్డపలకలు 5 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్.

పలకలు అతికించడం గురించి మాస్టారు చెప్పినవి కొంచెం విడమర్చి రాయాలి, ఎందుకంటే ఎక్కువ ఓడలు ఇక్కడే పాడవుతాయి. అడ్డపలకల అంచుల్ని ఓడ వంపుకి తగ్గట్టు ఏటవాలుగా ఆకురాయితో అరగదీయాలి. ఒక సన్న బద్దని ముక్కు నుంచి వెనక్కి ఆనించి చూస్తే ప్రతి అడ్డపలక అంచూ మందం మొత్తం తగలాలి. ఒక్క మూలే తగిలితే పలక అక్కడ విరుగుతుంది, లేదా పైకి తేలి ఓడ పొట్టకి మెలిక వస్తుంది. ఆ తర్వాత ప్రతి అడ్డపలక మీదా కాగితం పట్టీ చుట్టి, పై మందపాటి పట్టీ నుంచి కీలు దాకా దూరం గుర్తుపెట్టి, దాన్ని వరసల సంఖ్యతో భాగించాలి. మధ్యలో 4 మిల్లీమీటర్లున్న పలక ముక్కు దగ్గర 2 కన్నా సన్నబడకూడదు. అంతకంటే తగ్గుతోందంటే అక్కడ ఒక వరస ఆపేసి, పక్క పలకలో గాడి కోసి దాన్ని ఇమడ్చాలి. వెనక వైపు దీనికి వ్యతిరేకం, అక్కడ చోటు మిగులుతుంది కాబట్టి ముక్కోణపు అతుకులు పెట్టాలి. పలకని పక్కకి బలవంతంగా వంచితే ఒక అంచు పైకి లేస్తుంది. ఎంత ఉప్పుకాగితం రుద్దినా అది పోదు.

వంచేది వేడి, నీళ్లు కాదు. ఇది ఆయన గట్టిగా పట్టుబట్టిన మాట. పలకని పైపైన తడిపి, ఇస్త్రీపెట్టె అంచు మీద వంచి, బట్టల క్లిప్పులతో ఓడకి బిగించి రాత్రంతా ఆరనివ్వాలి. తెల్లారాక తీసి అప్పుడు జిగురు రాయాలి. తడి మీదే అతికిస్తే పలక ఉబ్బి ఉంటుంది. మన తీరపు గాలిలో వానాకాలం అంతా బాగానే కనిపించి, మార్గశిరం వచ్చేసరికి సందులు తెరుచుకుంటాయి. జిగురు ఫెవికాల్ రకమే మేలు. ఫెవిక్విక్ కొద్దిగా పలకల కొసల్లో తప్ప వాడొద్దు. అది కారిన చోట వార్నిషు పట్టదు, చుట్టూ తెల్లటి పొగ మచ్చ తేలుతుంది. డెక్కు పలకల మధ్య నల్లగీత కోసం అంచుకి 4బి పెన్సిల్ గీస్తే చాలు. మార్కరు సిరా వార్నిషు తగలగానే పోగులోకి పాకుతుంది.

తరిమెన (లేత్) పనివారికి ప్రత్యేకంగా చెప్పాలి. తెరచాప కొయ్యలు చెయ్యమని తీసుకెళ్తే వద్దన్నారు. పొడవుగా సన్నగా ఉన్న కర్ర తిరిగేటప్పుడు మధ్యలో ఊగి ఉలిని తోసేస్తుంది. దాని బదులు చదరపు బద్దని నాలుగు పక్కల నుంచి ఎనిమిదికి, ఎనిమిది నుంచి పదహారుకి చిత్రిక పట్టమన్నారు. పక్క వెడల్పుని 7, 10, 7 పాళ్లుగా గీసి మూలలు తీసేస్తే ఎనిమిది పక్కలు సమానంగా వస్తాయి. తరిమెన మీద ఆయన పట్టింది లంగరు చుట్టే కాప్‌స్టన్, పీపాలు, ఇత్తడి ఫిరంగులు. సీసం ఫిరంగులు అమ్ముతారు, కొనకండి. మూసిన పెట్టెలో కర్ర నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లగా పొడిబారి పోతుంది.

బంగారం పని కంసాలి గారు అరువిచ్చిన కమ్మచ్చు (తీగె సన్నం చేసే బెజ్జాల పలక) లేకపోతే చెక్కమేకులు లేవు. పలకల్ని అసలు ఓడలో పట్టి ఉంచిన చెక్కమేకులు అంగుళంన్నర లావు. 1:64లో అది 0.6 మిల్లీమీటర్లు. కణుపు లేని వెదురు ముక్కని పోగు వెంట చీల్చి, బెజ్జం తర్వాత బెజ్జం లాగుతూ 1.2 నుంచి 0.6కి తేవాలి. కిటుకేమిటంటే, బంగారు తీగె వెళ్లే వైపు నుంచి కాకుండా కమ్మచ్చుని తిప్పి, చిన్న బెజ్జం వైపు నుంచి వెదురుని దూర్చాలి. తీగెని నొక్కి సన్నం చేస్తారు, వెదురుని గీకి సన్నం చెయ్యాలి. పదునైన అంచు ముందు తగిలితేనే గీకుతుంది, లేకపోతే నలిగి పీచులైపోతుంది. మేకు రంగు పలక రంగుకి దగ్గరగా ఉండాలి. నల్ల మేకులు కొడితే ఓడ అమ్మవారు పోసిన ముఖంలా తయారవుతుంది. అంతకంటే మేకులు మానెయ్యడం నయం.

తెరచాప కొయ్యని రెండు పక్కల నుంచీ నిలబెట్టే ష్రౌడ్లు అనే తాళ్లని ఓడ పక్కన పట్టే ఇత్తడి పట్టీలకి వెలిగారం వేసి వెండి టంకం పెట్టడం కూడా ఆయనే నేర్పారు. ఈ పట్టీల మీద లాగుడు పడుతుంది కాబట్టి మామూలు టంకం ఆగదు. కొయ్య పైనుంచి దారం కట్టి, ప్రతి పట్టీ ఆ దారం వాలులోనే ఉండేలా మేకు దిగాలి. వెనక్కి వెళ్లేకొద్దీ వాలు మారుతుంది.

బెల్లగుంఠ ఇత్తడి చేపల్ని చూసినవారికి ఓడ అడుగు రాగిరేకులు ఎవరితో చేయించాలో చెప్పక్కర్లేదు. పొలుసు మీద పొలుసు ఎక్కించడం వాళ్లకి రోజూ పనే. అసలు రేకు 4 అడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు. నమూనాలో 19 మిల్లీమీటర్లు, ఐదున్నర. వెనక నుంచి మొదలెట్టి ముందుకి రావాలి. ముందు రేకు వెనక రేకు మీదకి ఎక్కితేనే నీళ్లకి అంచు దొరకదు. రాగిని మసక ఎరుపు దాకా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది, వంపుకి చేతివేలితోనే కూర్చుంటుంది.

తాళ్ల దగ్గర బరంపురం పట్టు నేసే కుటుంబం సాయం మరిచిపోలేం. మగ్గం ఇంట్లో పట్టు దారానికి కొదవేముంది? ఆ ఇంటి పెద్దాయనే వద్దన్నారు. పట్టు మెరుస్తుంది, తారు పూసిన తాడు మెరవదు. లినెన్ దారం మూడు పేటలు తెచ్చి పురి పెట్టించారు. దారం పురి ఏ వైపు తిరిగిందో కొస విప్పి చూసి, పేటల్ని దానికి ఎదురు వైపు పెనవెయ్యాలి. ఒకే వైపు పెనవేస్తే చెయ్యి వదలగానే విడిపోతుంది. పొడవులో నాలుగో వంతు దాకా తరిగిపోతుంది కాబట్టి ముందే ఎక్కువ తీసుకోవాలి. పురి అయ్యాక బరువు కట్టి రాత్రంతా వేలాడదీసి, కోసే చోట నీళ్ల ఫెవికాల్ రాసి ఆరాకే కత్తెర పెట్టాలి.

తాడు లావు లెక్కలో చాలామంది బోల్తా పడతారు. పాత పట్టికల్లో తాడు కొలత చుట్టుకొలత, అడ్డుకొలత కాదు. 9 అంగుళాల తాడంటే 3.14తో భాగిస్తే 2.87 అంగుళాలు, దాన్ని 64తో భాగిస్తే 1.1 మిల్లీమీటరు. ఆ భాగహారం మరిచిపోతే ఓడకి మూడింతల లావు మోకులు కడతారు. ఇంకొకటి. లినెన్, నూలు తాళ్లు తేమకి బిగుస్తాయి, పొడికి వదులవుతాయి. ఎండాకాలంలో లాగి కడితే శ్రావణంలో కొయ్యలు వంగుతాయి. కొంచెం పట్టు తక్కువగానే కట్టండి.

గోపాల్‌పూర్‌లో వలలు బాగుచేసే తాతకి దండాలు. ష్రౌడ్ల మీద అడ్డంగా కట్టే నిచ్చెన తాళ్లు ఈ స్కేలులో 5 మిల్లీమీటర్ల ఎడంలో వస్తాయి. ఒక్కో ముడీ బిగిస్తూ పోతే ష్రౌడ్లు లోపలికి గుంజుకుపోయి నడుము సన్నబడుతుంది. తాత ముందు సన్న వెదురు పుల్లలు అడ్డంగా కట్టించారు, వల కన్నుకి కొలతకర్ర పెట్టుకున్నట్టే గీతలు గీసిన అట్టని వెనక పెట్టించారు. ముడిని లాగకుండా వేలితో నెట్టి కూర్చోబెట్టాలి. వరస మొత్తం అయ్యాకే జిగురు చుక్క. ష్రౌడ్లు ఎక్కించే వరస కూడా ముఖ్యమే: కుడివైపు ముందు జత, తర్వాత ఎడమవైపు ముందు జత, అలా మార్చి మార్చి. ఒకవైపంతా ముందు కట్టేస్తే కొయ్య అటే వాలుతుంది. ష్రౌడు కొసనుండే పై కన్నాల చక్రానికీ, ఇత్తడి పట్టీకుండే కింది చక్రానికీ మధ్య దూరం అన్ని చోట్లా ఒకేలా ఉండాలంటే వంచిన తీగె ముక్కని రెండు కన్నాల్లో తగిలించి పట్టుకోవాలి.

కార్తీక పున్నమికి నీళ్లలో చిన్న పడవలు వదిలే బోయిత వందనంలో దీన్ని వదులుతారా అని అడిగినవారికి జవాబు: వదలం. అడుగున బరువు లేదు, నీళ్లలో పెడితే వెల్లకిలా పడుతుంది. ఆ రోజుకి అరటి దొప్పలే బాగుంటాయి.

అద్దాల పెట్టె చేసిన వారు కింది పలకకి రెండు వైపులా గాలి కన్నాలు వేసి, పురుగు రాకుండా సన్న జాలీ కొట్టారు. అడ్డపలకల అట్టలు, రాగిరేకు ముద్రలు, పురి పెట్టే చెక్క సరంజామా దాచి ఉంచాం, కావలసినవారు అడిగి పట్టుకెళ్లొచ్చు. కమ్మచ్చు మాత్రం కంసాలి గారికి తిరిగి ఇచ్చేశాం. నేత ఇంటి పెద్దాయనా, మీ రెండు కండెలు ఇంకా మా దగ్గరే ఉన్నాయి, ఆదివారం తెచ్చి ఇస్తాం.