రేడియేషన్ ప్లానింగ్‌కు కొత్త కంప్యూటర్లు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మా చిన్నాయనకు నోటి క్యాన్సర్. స్కాన్ తీసి, తల కదలకుండా పట్టి ఉంచే మాస్క్ ముఖానికి చేశాక రేడియేషన్ మొదలవడానికి 12 రోజులు పట్టింది. పరకాల నుంచి రోజూ ఫోన్ చేసి ‘ప్లాన్ అయిందా సార్’ అని అడిగేవాళ్లం. ప్లాన్ అంటే రేడియేషన్ ఎక్కడ, ఎంత ఇవ్వాలో ముందే వేసుకునే లెక్క. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. ఈలోగా మనిషి చిక్కిపోతే మాస్క్ వదులై, మళ్లీ మొదటికొస్తుంది.

ఆలస్యం ఎక్కడో తర్వాత తెలిసింది. స్కాన్‌లో ఒక్కో పొర మీద డాక్టరు గడ్డనూ, రేడియేషన్ నుంచి కాపాడాల్సిన వెన్నుపామునూ, లాలాజల గ్రంథులనూ గీయాలి. రేడియేషన్ లెక్కలు చూసే నిపుణుడు, అంటే ఫిజిసిస్టు, డోసు లెక్క కట్టి, కుదరకపోతే మార్చి మళ్లీ కట్టాలి. పాత కంప్యూటర్ మీద ప్రతిసారీ ఎదురుచూపే. కొత్త కంప్యూటర్లలోని గ్రాఫిక్స్ ప్రాసెసర్లు వేల లెక్కలు ఒకేసారి చేస్తాయి కాబట్టి అదే పని నిమిషాల్లో అవుతుంది. అవయవాలను తానే గీసే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది, డాక్టరు చూసి దిద్దుకోవచ్చు. చికిత్సకు ముందు చేసే ప్లాన్ తనిఖీని మాత్రం వేగం కోసం తగ్గించకూడదు.

కోట్లు పెట్టి రేడియేషన్ యంత్రం కొన్నప్పుడు ప్లానింగ్ కంప్యూటర్ల దగ్గర, ఫిజిసిస్టు పోస్టుల దగ్గర పొదుపు ఎందుకు? వరంగల్‌లో అయినా, కరీంనగర్‌లో అయినా యంత్రానికి టెండర్ పిలిచేటప్పుడే వీటినీ చేర్చాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, పరకాల, హనుమకొండ జిల్లా