పోవిస్ కోట నుంచి నువ్వు పంపిన ఫోటో

చిన్నా,

ఇక్కడ అందరం బాగున్నాం. నాయనమ్మకు దగ్గు తగ్గింది. అమ్మ నీకోసం పెట్టిన ఉసిరికాయ పచ్చడి ఎవరితో పంపాలా అని మనుషుల కోసం చూస్తోంది.

పోయిన ఆదివారం వేల్స్‌లోని పోవిస్ కోట నుంచి నువ్వు పంపిన ఫోటో చూశాను. తెల్లటి నూలుబట్ట మీద కుండీలు, కుండీల్లో ఎర్రటి పూలు, వరస వరసగా. "టిప్పు సుల్తాన్ డేరా అంట నాన్నా, ఇక్కడెందుకుందో" అని ఒక్క లైన్ రాసి ఊరుకున్నావు. రెండేళ్లలో నువ్వు నేరుగా నాకు పంపిన మొదటి మెసేజ్ అది. మిగతావన్నీ అమ్మ ఫోన్‌కే వస్తాయి. అందుకే దానికి ఫోన్‌లో రెండు ముక్కలు కొట్టి పంపబుద్ధి కాలేదు. నాలుగు రోజులు కూర్చుని ఆ కోట గురించి, ఆ ఇంటివాళ్ల గురించి చదివాను. రిటైరైనవాడికి అంతకంటే పనేముంది?

ఆ డేరా అక్కడికి ఎలా చేరిందో ముందు చెప్తాను. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది, టిప్పు చనిపోయాడు. అప్పుడు మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్. ప్లాసీ యుద్ధం గెలిచిన రాబర్ట్ క్లైవ్ ఉన్నాడే, ఆయన పెద్దకొడుకు. ఈయన భార్య హెన్రియెట్టా, పోవిస్ కోట ఆడపడుచు. శ్రీరంగపట్నం నుంచి వచ్చిన డేరా, టిప్పు సింహాసనం మీది చిన్న బంగారు పులితలల్లో ఒకటి, ఇలాంటివెన్నో వీళ్ల చేతికొచ్చి ఓడెక్కాయి. తర్వాతి రోజుల్లో ఆ డేరాను కోట తోటలో విందులకు వేసుకునేవాళ్లట. ఒక రాజు యుద్ధానికి వెళ్తే తలదాచుకునే డేరా కింద కూర్చుని టీ తాగారంటే నాకు మనసుకు కష్టంగానే అనిపించింది.

మనకూ ఆ ఇంటికీ ఇంకో లెక్క కూడా ఉంది. 1765లో ఢిల్లీ బాదుషా దగ్గర ఉత్తర సర్కార్లకు ఫర్మానా తెచ్చుకుంది తండ్రి రాబర్ట్ క్లైవ్. 1800 అక్టోబరులో నిజాం కంపెనీకి వదిలేసిన మన దత్తమండలాలు మద్రాసు కింద చేరింది కొడుకు గవర్నరుగా ఉన్నప్పుడు. కోస్తా, సీమ రెండూ ఆ ఇంటి మనుషుల కాలంలోనే చేతులు మారాయి. మన్రో దొర మన జిల్లాలకు ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చిందీ అప్పుడే. ముప్పై ఏళ్లు రెవెన్యూలో పనిచేసిన నాకు మన్రో పేరు తెలుసు గానీ, ఆ రోజుల్లో మద్రాసులో కూర్చున్న గవర్నరు ఇల్లు నువ్వు రైలెక్కి వెళ్లొచ్చే దూరంలో ఉందని ఇప్పుడే తెలిసింది.

కానీ నేను రాయాలనుకున్నది ఆ గవర్నరు గురించి కాదు. ఆయన కొడుకు గురించి. ఆయన పేరు కూడా ఎడ్వర్డే. పుట్టింది 1785 మార్చి 22న.

1798లో అమ్మానాన్నలు మద్రాసుకు ఓడెక్కినప్పుడు ఈ పిల్లాడికి పదమూడేళ్లు, తమ్ముడు రాబర్ట్‌కు తొమ్మిది. ఆడపిల్లలిద్దరినీ వెంట తీసుకెళ్లారు. మగపిల్లలిద్దరినీ చదువు కోసం అక్కడే వదిలేశారు. చెల్లెలు షార్లెట్ పన్నెండేళ్ల వయసులో అమ్మతో కలిసి ఏనుగుల మీద, పల్లకీల్లో బెంగళూరు, శ్రీరంగపట్నం, తంజావూరు తిరిగింది. 1800లో ఏడు నెలలపాటు వెయ్యి మైళ్లకు పైగా సాగిన ప్రయాణం అది. ఆ పిల్ల డైరీ కూడా రాసుకుంది. అన్నకు మాత్రం ఈటన్ స్కూలు, నెలల తరబడి ఓడలో నానుతూ వచ్చే ఉత్తరాలు. హెన్రియెట్టా 1801లో కూతుళ్లతో తిరిగొచ్చింది, తండ్రి 1803 దాకా రాలేదు. పదమూడేళ్లవాడు పద్దెనిమిదేళ్లవాడయ్యాక తండ్రి ముఖం చూడటం! నీ ఫోన్ రెండు రోజులు రాకపోతే మీ అమ్మ పడే టెన్షన్ చూస్తున్నాను కాబట్టి నాకు ఆ ఐదేళ్లు చాలా పొడుగ్గా కనిపించాయి.

1801లో మేనమామ పోవిస్ ప్రభువు పెళ్లి కాకుండానే పోయాడు. ఆస్తి మేనల్లుడికే, కానీ క్లైవ్ ఇంటిపేరు వదిలి హెర్బర్ట్ పెట్టుకోవాలని షరతు. 1807లో పెట్టుకున్నాడు. మన దగ్గర దత్తత పోయినవాడు ఇంటిపేరు మార్చుకున్నట్టే. తండ్రికి 1804లోనే ఎర్ల్ ఆఫ్ పోవిస్ బిరుదు ఇచ్చారు. ఆయన తర్వాత ఇతను రెండో ఎర్ల్ అయ్యాడు.

కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కాలేజీలో చదివి, ఇరవై ఒకటో ఏట పార్లమెంటుకు వెళ్లాడు. లడ్లో అనే చిన్న ఊరికి 1806 నుంచి 1839 దాకా, ముప్పై మూడేళ్లు ఆయనే మెంబరు. ఆ ఊళ్లో క్లైవ్ కుటుంబం మాటే మాట, సీటు ఇంట్లో సొత్తు లాంటిది. 1818లో మాంట్రోజ్ డ్యూక్ కూతురు లూసీని పెళ్లి చేసుకున్నాడు. 1830 నుంచి ఆ కోట ఉన్న మాంట్‌గోమరీషైర్‌కు లార్డ్ లెఫ్టినెంట్, అంటే ఆ జిల్లాలో రాజుగారి మనిషి.

ఆయన చేసిన పనుల్లో నాకు నచ్చనిదీ ఉంది, నచ్చినదీ ఉంది. రెండూ చెప్తాను.

నువ్వు రైల్లో కోటకు వెళ్లిన దారికి దక్షిణంగా కొండల్లో లానిడ్లోయిస్ అనే ఊరుంది. అక్కడివాళ్లు చేనేత పనివాళ్లు, ఉన్నితో ఫ్లానెల్ బట్ట నేసేవాళ్లు. పని తగ్గి, కూలి తగ్గి, పేదలను వర్క్‌హౌస్ అనే చాకిరీ ఇళ్లలో వేసే కొత్త చట్టం మీద పడ్డాక, మగవాళ్లందరికీ ఓటు కావాలని లేచిన చార్టిస్టులతో కలిశారు. 1839 ఏప్రిల్ 30న లండన్ నుంచి వచ్చిన పోలీసులు ముగ్గురిని పట్టుకుని ట్రెవిథెన్ ఆర్మ్స్ అనే హోటల్లో ఉంచితే, జనం ఆ హోటల్ మీద పడి విడిపించుకుపోయారు. మే మొదటి వారంలో సైన్యం దిగి ఊరిని స్వాధీనం చేసుకుంది. ఆ జిల్లాలో అల్లరి అణచినందుకు పై నుంచి మెప్పు దక్కింది మన ఎడ్వర్డ్‌కే. జులైలో వెల్ష్‌పూల్‌లో విచారణ జరిగింది. ముగ్గురికి ద్వీపాంతరవాసం పడింది. ముప్పై మూడేళ్లు ఇంటి సీటులో కూర్చున్నవాడు, ఓటు అడిగిన నేతగాళ్ల మీదికి సైన్యం రావడానికి నిలబడ్డాడు. మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాడివి, నీకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. అదే మే నెలలో తండ్రి పోయాడు, ఇతను ఎర్ల్ అయ్యి పెద్దల సభకు వెళ్లాడు.

నచ్చినది బిషప్పుల సంగతి. ఉత్తర వేల్స్‌లో బాంగర్, సెయింట్ ఆసాఫ్ అని రెండు పాత బిషప్ పీఠాలు. రెండింటినీ ఒకటి చేసి, మిగిలే డబ్బుతో మాంచెస్టర్‌కు కొత్త బిషప్పును పెట్టాలని 1836లో లండన్‌లో నిర్ణయించారు. వేల్స్ జనం గోడు ఎవరికీ పట్టలేదు. ఈయన పట్టుకున్నాడు. పెద్దల సభలో బిల్లు పెట్టడం, పోవడం, మళ్లీ పెట్టడం. చివరికి 1847లో ప్రభుత్వం దిగొచ్చింది, రెండు పీఠాలూ నిలిచాయి. కృతజ్ఞతగా జనం ఐదువేల పౌండ్లకు పైగా చందాలు పోగు చేసి ఇస్తే, ఆయన విగ్రహం వద్దు, ఏమీ వద్దు, వేల్స్ పిల్లలు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో చదువుకోవడానికి స్కాలర్‌షిప్పులు పెట్టమన్నాడు. స్కాలర్‌షిప్పు మీద చదువుకుంటున్నవాడివి నువ్వు, నేనూ ఒకప్పుడు అలాగే చదివాను. ఆ పేజీ దగ్గర నేను కాసేపు ఆగాను.

అదే 1847లో కేంబ్రిడ్జి ఛాన్సలర్ పదవికి ఎన్నిక వచ్చింది. ఎదురు నిలబడింది ఎవరనుకున్నావు? విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్. రాణిగారి మొగుడి మీద పోటీ చేసి, వందా చిల్లర ఓట్ల తేడాతోనే ఓడిపోయాడు. ఇందాకటి చెల్లెలు షార్లెట్ అప్పటికి నార్తంబర్లండ్ డచెస్. విక్టోరియా చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆమెకు గవర్నెస్‌గా ఉండింది కూడా ఈ షార్లెట్టే. కుండీల్లో నారింజ రంగు గుత్తులు పూసే క్లైవియా మొక్కకు ఆమె పుట్టింటి పేరే పెట్టారు.

ఇక అసలు సంగతి. దీనికోసమే ఇంత రాశాను.

ఆ ఓటమి తర్వాత ఏడాది కూడా గడవలేదు. 1848 జనవరి. కోట చుట్టుపక్కల అడవిలో నెమలికోడి జాతి పక్షుల వేటకు తండ్రీ కొడుకులు వెళ్లారు. ఒక కొడుకు తుపాకీ పేలి గుండు తండ్రికి తగిలింది. ఆ కొడుకు పేరు రాబర్ట్ చార్లెస్, వయసు ఇరవై ఏళ్లు. తండ్రి కొన్ని రోజులు మంచంలో ఉండి జనవరి 17న ఆ పోవిస్ కోటలోనే పోయాడు. అరవై రెండేళ్లు.

ఇరవై ఏళ్లు అని చదవగానే పుస్తకం మూసేశాను చిన్నా.

ఆ రాత్రి నీకూ ఇరవై ఏళ్లే. పెళ్లికి టైం అయిపోతోంది, ఇంకాస్త తొక్కు, ఇంకాస్త తొక్కు అని వెనక కూర్చుని నీ భుజం మీద తట్టింది నేను. మలుపులో ఇసుక నీకు కనపడలేదు, నాకూ కనపడలేదు. నా కాలు విరిగింది, రాడ్ వేశారు, మెట్లెక్కేటప్పుడు కొంచెం పట్టుకుంటుంది. అంతే. ఆసుపత్రిలో నువ్వు నా మంచం కాళ్ల దగ్గర నిలబడి, పైకి రాకుండా, దుప్పటి అంచు మడతపెడుతూ విప్పుతూ ఉన్నావు. అప్పుడే పిలిచి చెప్పాల్సింది. నొప్పిలో నోరు రాలేదు, తర్వాత ఏవేవో పనులు, తర్వాత నీ వీసా. నువ్వు ఇంటి బండి తాళం ముట్టుకోకుండానే విమానం ఎక్కేశావు.

రాబర్ట్ ఆ తర్వాత యాభై నాలుగేళ్లు బతికాడు. 1854లో పెళ్లి చేసుకున్నాడు. ష్రాప్‌షైర్‌లో ఓర్లెటన్ అనే చోట కాపురం పెట్టాడు. 1902లో పోయాడు. పెద్దన్న మూడో ఎర్ల్ అయ్యి, బాంగర్‌లో కొత్తగా పెట్టిన యూనివర్సిటీ కాలేజీకి తొలి ప్రెసిడెంటుగా ఉన్నాడు. ఇంకో అన్న పెర్సీ క్రిమియా యుద్ధంలో పోరాడి, తండ్రిలాగే లడ్లో మెంబరు అయ్యాడు. ఇంకో అన్న జార్జ్ హెర్‌ఫర్డ్ చర్చికి డీన్. తల్లి లూసీ 1875 దాకా ఉంది. ఆ ఇల్లు ఆగిపోలేదు, ఎవరి దారిన వాళ్లు పెరిగారు. కానీ నాకు ఆ ఇరవై ఏళ్ల కుర్రాడే కళ్లలో మెదులుతున్నాడు. వాళ్ల నాన్నకు ఉన్నవి కొన్ని రోజులే. నాకు రెండేళ్లు ఉండి కూడా నోరు తెరవలేదు.

కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. తప్పు నీది కాదు నాన్నా. ఆ రాత్రి నీ చేతిలో బండి ఉంది, అంతే. నామీద కోపం ఉంటే పడు, మాట్లాడకుండా మాత్రం ఉండకు.

ఆ కోటకు మళ్లీ వెళ్తే మెట్లమెట్లుగా ఉండే ఆ తోట ఫోటోలు పంపు, అమ్మ అడిగింది. చలికి స్వెట్టర్ సరిపోతోందా? ఎండాకాలం సెలవులకు వస్తానన్నావట, అమ్మ చెప్పింది. బండి సర్వీసింగుకు ఇచ్చాను, వెనక టైరు కొత్తది వేయించాను. మీ అత్తావాళ్ల ఊరికి వెళ్లాలి. నువ్వే నడుపు. నేను వెనక కూర్చుంటాను, తొందరపెట్టను.

నాన్న