బ్యాకప్ ఉందంటే చాలదు, తెరిచి చూపించాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

సైబర్ దాడులనగానే బ్యాంకులు, పెద్ద కంపెనీలే మనకు గుర్తుకొస్తాయి. జనన మరణాల నమోదు, ఇంటి పన్ను, నీటి బిల్లు, ఆస్తుల రిజిస్ట్రేషన్ నడిపే రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల కంప్యూటర్ల గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. బ్యాంకు నచ్చకపోతే ఖాతా మార్చుకోవచ్చు. పుట్టిన తేదీ నమోదు చేసే కార్యాలయం మాత్రం మనిషికి ఒక్కటే ఉంటుంది.

ఒక స్థానిక సంస్థ రికార్డుల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. రోజూ సాయంత్రం రికార్డులకు బ్యాకప్, అంటే విడిగా దాచుకునే నకలు తీసి, రిజిస్టరులో తేదీ వేసి సంతకం పెట్టేవాళ్లం. ఒకసారి కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ పాడైంది. బ్యాకప్ ఉంది కదా అన్న ధీమాతో ఆ డిస్కు పెట్టి చూశాం. ఫోల్డర్లన్నీ వరుసగా ఉన్నాయి, పేర్లు ఉన్నాయి. తెరిస్తే లోపల ఏమీ లేదు. నెలల తరబడి ఖాళీ ఫైళ్లే కాపీ అవుతూ వచ్చాయి. రిజిస్టరులో సంతకాలు మాత్రం ఒక్క రోజు కూడా తప్పలేదు. కాగితాల కట్టలు ఇంకా బీరువాలో ఉండబట్టి, ముగ్గురం కూర్చుని వారాల తరబడి వాటిని మళ్లీ ఎక్కించాం. అది మామూలు యంత్ర లోపం. కాగితమే లేని ఈ రోజుల్లో, పగబట్టిన దొంగ చేతిలో అదే జరిగితే ఏమిటన్న దిగులు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

జరిగిన చోట ఏమైందో చూడండి. 2018 మార్చిలో అమెరికాలోని అట్లాంటా నగరపాలక సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి, అంటే ఫైళ్లకు తాళం వేసి తెరవడానికి డబ్బడిగే దాడి జరిగింది. దొంగలు అడిగింది సుమారు 51,000 డాలర్లు. కోర్టు విచారణలు వాయిదా పడ్డాయి, ఉద్యోగులు నివేదికలు చేత్తో రాసుకున్నారు, పోలీసు వాహనాల కెమెరాల్లోని పాత వీడియోలు పోయాయి. మరుసటి ఏడాది మేలో అక్కడి మరో నగరం బాల్టిమోర్ వంతు వచ్చింది. 13 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి లెక్కన 76,000 డాలర్ల వరకు అడిగితే నగరం ఇవ్వనంది. కోలుకోవడానికైన ఖర్చు, పోయిన ఆదాయం కలిపి 1.8 కోట్ల డాలర్లు దాటుతుందని అంచనా వేశారు. ఇళ్ల అమ్మకాలు నిలిచిపోయాయి, నీటి బిల్లులు నెలల తరబడి ఆగాయి. ఉద్యోగుల కంప్యూటర్లలోనే దాచుకున్న కొంత సమాచారానికి బ్యాకప్ లేక అది శాశ్వతంగా పోయిందని తర్వాత ఆడిట్‌లో తేలింది.

అడిగినంత ఇచ్చి బయటపడితే పోలేదా అనేవారున్నారు. ఫ్లోరిడాలోని రివియెరా బీచ్ నగరం 2019లో 65 బిట్‌కాయిన్లు, అంటే దాదాపు 6 లక్షల డాలర్లు ఇవ్వడానికి సిద్ధపడింది. ఇచ్చాక కూడా ఫైళ్లన్నీ తెరుచుకుంటాయన్న హామీ ఉండదు, ప్రజల పన్ను డబ్బు తర్వాతి దాడికి పెట్టుబడి అవుతుంది. ఆ ఏడాదే అమెరికా నగరాల మేయర్ల సమావేశం చెల్లించకూడదని తీర్మానించింది. ఆపైన నార్త్ కరోలినా రాష్ట్రం, తన ప్రభుత్వ సంస్థలేవీ చెల్లించరాదని చట్టమే చేసింది. ఈ చట్టాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే చెల్లించనని చెప్పే ధైర్యం బ్యాకప్ నుంచే రావాలి. ఈ సంగతి దొంగలకూ తెలుసు. అందుకే లోపలికి వచ్చాక ముందు బ్యాకప్ సర్వర్‌ను వెతికి చెరిపేస్తారు, ఆ తర్వాతే ఫైళ్లకు తాళం వేస్తారు. అసలు సర్వర్, బ్యాకప్ సర్వర్ ఒకే నెట్‌వర్క్‌లో, ఒకే పాస్‌వర్డ్‌తో ఉంటే రెండూ ఒకే రాత్రి పోతాయి. కనీసం ఒక నకలు ఏ తీగకూ తగలకుండా విడిగా ఉండాలి.

చిన్న సంస్థల్లో కంప్యూటర్లు చూసుకోవడానికి పూర్తికాలపు ఉద్యోగే ఉండడు. పని బయటి కాంట్రాక్టు సంస్థకు అప్పగిస్తారు, అదే సంస్థ పక్క ఊళ్లకూ పనిచేస్తుంది. 2019 ఆగస్టులో టెక్సస్‌లో 20కి పైగా స్థానిక సంస్థలు ఒకేసారి దెబ్బతిన్నది ఇలా ఉమ్మడి కాంట్రాక్టరు దారినే. అక్కడ రాష్ట్ర ప్రభుత్వం ముందే ప్రణాళిక సిద్ధం చేసుకుని ఉంది కాబట్టి వెంటనే బృందాలను పంపగలిగింది.

మరో మాట. దొంగ మెయిల్‌ను పొరపాటున తెరిచిన గుమాస్తాను సస్పెండ్ చేస్తే, తర్వాతి గుమాస్తా భయపడి విషయం దాచిపెడతాడు. ఆ దాచిన గంటల్లోనే దొంగ అన్ని గదులూ తిరిగివస్తాడు. వెంటనే చెప్పినవారికి శిక్ష ఉండదని రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలి.

డబ్బు సంగతికొస్తే, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల సైబర్ భద్రతకు అమెరికా 2021 చట్టంతో నాలుగేళ్లకు 100 కోట్ల డాలర్లు కేటాయించి, అందులో 80 శాతం స్థానిక సంస్థలకు చేరాలని షరతు పెట్టింది. మంచి షరతు. కానీ ఎంత నిధి వచ్చినా పరికరాల టెండర్లకే పోతే లాభం లేదు. బ్యాకప్‌ను తెరిచి చూసే పనికి కూడా పద్దు ఉండాలి, మనిషి ఉండాలి.

ఆడిటర్ నగదు పుస్తకంలో అంకె చూసి వెళ్లిపోడు, పెట్టె తెరిపించి నోట్లు లెక్కపెడతాడు. బ్యాకప్‌కూ అదే పద్ధతి పెట్టాలి. ఏటా బడ్జెట్ సమావేశంలో ప్రతి స్థానిక సంస్థ ఒక్క పేజీ ప్రజల ముందు ఉంచాలి: చివరిసారి బ్యాకప్ నుంచి రికార్డులు ఏ తేదీన తిరిగి తెరిచారు, ఎన్ని గంటలు పట్టింది, ఎన్ని తెరుచుకోలేదు. ఈ మూడు వివరాల్లో దొంగకు పనికొచ్చేది ఏదీ లేదు. తేదీ గడి ఖాళీగా ఉన్న చోట ఆడిట్ అభ్యంతరం నమోదు చేయాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత రికార్డుల ఉద్యోగి