వంకర సూదికీ జాబితాలో చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మాకు చిన్న కుషన్ దుకాణం ఉంది. చట్రం బాగుచేయడం, స్ప్రింగులు కట్టడం మావారి పని. గుడ్డ పరిచి బిగించాక వచ్చే చేతి కుట్టు, గుండీలు, అంచు పట్టీలు, ఇత్తడి మేకులు నావి. 31 ఏళ్లుగా చేస్తున్నాను. బోర్డు మీద ఆయన పేరే ఉంటుంది, అందుకు నాకు బాధ లేదు. నా బాధ వేరు: చేతివృత్తుల వారికి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకం జాబితాలో ఈ కుషన్ పనికి చోటు లేదు.

గత నెల కళింగపట్నం నుంచి ఒక టేకు సోఫా మా దగ్గరికి వచ్చింది. వాళ్ల తాతగారి నాటిదట. రెండేళ్ల కిందట ఎక్కడో కొత్త గుడ్డ వేయించారు. వెనక భాగాన్ని స్టేపుల్ పిన్నులు కొట్టి మూసేసి, అవి కనబడకుండా పైన లేసు జిగురుతో అంటించారు. సముద్రపు గాలికి పిన్నులు తుప్పుపట్టి, ఆ మరకలు గుడ్డ మీదికి దిగాయి. లేసు ఊడి వేలాడుతుంటే ఆ ఇంటి పెద్దావిడ పిన్నీసుతో పట్టి ఉంచారు.

అదంతా విప్పి చూస్తే అడుగున మొదటి పనివాడి చేతిపని చెక్కుచెదరలేదు. జనపనార పట్టీల అల్లిక, పురికొసతో ఎనిమిది వైపులా లాగి కట్టిన స్ప్రింగులు, వాటి మీద గోనె గుడ్డ, కొబ్బరి పీచు, దూది. ముందు అంచున పీచును దబ్బనంతో వరసలు వరసలుగా కుట్టి కట్టలా గట్టిపరిచాడు. బొటనవేలితో ఎంత నొక్కినా అది ఇప్పటికీ లొంగలేదు. ఎవరికీ కనబడని చోట అంత ఓపిక పెట్టిన ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. ఆ అంచును మాత్రం నేను కదిలించలేదు. దాని మీదే కొత్త దూది పరిచాను.

వెనక భాగం మూయడానికి నేను వాడేది నెలవంకలా వంగిన సూది. ఒకసారి గుడ్డ పరిచాక లోపలికి చేయి పెట్టి సూదిని అందుకునే వీలుండదు, దిగిన వైపునుంచే అది మళ్లీ పైకి తేలాలి. ఒక మడత అంచులో పావు అంగుళం నడిపి, సరిగ్గా దానికి ఎదురుగా రెండో మడతలో పావు అంగుళం నడపాలి. అలా నాలుగైదు పోట్లు వేశాక దారం లాగితే రెండు అంచులూ పెదవులు మూసుకున్నట్టు కలిసిపోతాయి, దారం ఎక్కడుందో తెలియదు. పోట్లు ఎదురెదురుగా పడకపోతే గుడ్డ ఒక పక్కకు ఒరిగి ముడత పడుతుంది. దారానికి ముందే మైనం రాసుకుంటే చిక్కు పడదు. ఆ సోఫా వెనక భాగం కుట్టడానికి నాకు ఒక మధ్యాహ్నం పూర్తిగా పట్టింది. స్టేపుల్ పిన్నులు కొట్టే గన్నుతో అయితే పది నిమిషాల పని.

గన్ను మా దగ్గరా ఉంది. సోఫా అడుగున వేసే నల్లగుడ్డకు దాన్నే వాడతాం. కానీ కంటికి ఎదురుగా ఉండే అంచును, రోజూ చేయి తగిలే అంచును పిన్నులకూ జిగురుకూ వదిలేయడం తప్పని నా గట్టి నమ్మకం.

ఆ టేకు సోఫా వీపుకు 26 గుండీలు. రెండు కొసలా మొన ఉన్న పొడవాటి సూదితో పురికొసను వెనక్కి దించి, గోనె గుడ్డకు ఆనించి చిన్న దూది ఉండ పెట్టి, దాని మీద ముడి బిగించాలి. ఉండ లేకపోతే పురికొస గోనెను కోసుకుంటూ పోయి గుండీ వదులైపోతుంది. గుండీకీ గుండీకీ మధ్య మడతల నోళ్లు కిందికి ఉండాలి, పైకి ఉంటే దుమ్ము పడుతుంది. ఈ మాట వినగానే ఆ ఇంటి అమ్మాయి తమ కొత్త కుర్చీ ఫొటో ఫోనులో తీసి చూసింది. అన్నీ పైకే ఉన్నాయి.

ఈ పనికి కావలసిన సరుకు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనే ఉంది. నెల్లిమర్లలో జూట్ మిల్లు ఉంది, ఉద్దానంలో కొబ్బరి పీచు ఉంది. పొందూరు ఖద్దరు వేయమని కూడా కొందరు అడుగుతారు. 100 కౌంటు సన్న ఖద్దరు కూర్చునే చోట నిలవదు, నేనే వద్దంటాను. ముతక రకం తెచ్చి లోపల కోరా గుడ్డ వేస్తే వీపుకు ఎంతో అందంగా అమరుతుంది.

ఇప్పుడు అసలు విన్నపం. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి. వడ్రంగులు, దర్జీలు, చేపల వలలు అల్లేవారు, చాపలు అల్లేవారు అందులో ఉన్నారు. వాళ్లకు ఆ మేలు అందాల్సిందే. వడ్రంగి పనికీ దర్జీ పనికీ నడుమ ఉండే మా కుషన్ పని మాత్రం అందులో లేదు. పనిముట్లకు ఇచ్చే 15,000 రూపాయలతో వంకర సూదులు, పొడవు సూదులు, పట్టీ బిగించే చెక్క, మేకులు నొక్కుపడకుండా కొట్టే సుత్తి అన్నీ సమకూరుతాయి. రోజుకు 500 రూపాయల భృతితో శిక్షణ ఉంటే చేతి కుట్టు నేర్చుకోవడానికి కుర్రవాళ్లూ ముందుకొస్తారు. మా దగ్గర పనిచేసే ఇద్దరూ గన్నే పట్టుకుంటారు. సోఫాకు ఇంత అని కూలి కాబట్టి వాళ్లకు అదే గిట్టుతుంది, వాళ్లననలేను.

“దర్జీ అని రాయించుకోవచ్చు కదా” అని తెలిసినవారు సలహా ఇచ్చారు. నేను దర్జీని కాను. నాకు జాకెట్టు కుట్టడం రాదు. ఇన్నేళ్లు చేసిన పనికి మరో పేరు చెప్పుకోవడానికి నాకు మనసొప్పదు. మన ప్రజాప్రతినిధులు ఈ వృత్తిని దాని పేరుతోనే చేర్పించాలని కోరుతున్నాను.

సోఫా పనికి ఇచ్చేవారు కూడా ధర ఒక్కటే అడగవద్దు. వెనక భాగం చేత్తో కుడతారా, అంచు పట్టీ కుడతారా అంటిస్తారా అని అడగండి. కుట్టినదానికి కొంచెం ఎక్కువే అవుతుంది, ఇవ్వండి.

ఆదివారం మధ్యాహ్నాలు మా దుకాణానికి సెలవు. నేర్చుకోవాలనుకునే ఆడపిల్లలు వస్తే నేర్పుతాను, డబ్బు తీసుకోను. మొదట పాత దిండు మీద రెండు మూరల కుట్టు వేయిస్తాను. సూది, మైనం నా దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
ఒక కుషన్ పని కార్మికురాలు,
మూడు లాంతర్లు, విజయనగరం