వార్షిక నివేదిక: మన కాలనీ కింద పారే బుల్కాపూర్ నాలా

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గుల పోటీ, వినాయక చవితి మండపం, వీధి దీపాల రిపేర్లు ఎప్పటిలాగే జరిగాయి. లెక్కలు ఆడిట్ అయ్యాక నోటీసు బోర్డులో పెట్టాం, చూసే ఉంటారు. మిగతా నివేదికంతా నాలా గురించే, ఎందుకంటే ఈ ఏడాది కమిటీ టైమంతా దాదాపు దానికే పోయింది, అలా పోవాల్సిన పనే అది.

కొత్తగా వచ్చిన చాలామందికి మన వెనక రోడ్డు కింద నీళ్ళు పారుతున్నాయనే తెలియదు. తెలిసినవాళ్ళు కూడా ఏదో మురుగు కాలువ అనుకుంటున్నారు. శంకర్‌పల్లి వైపు మూసీ నీళ్ళను మళ్ళించి హైదరాబాద్ హుస్సేన్ సాగర్ దాకా తెచ్చిన కాలువ అది. నార్సింగి, పుప్పాలగూడ, టోలిచౌకి, మెహిదీపట్నం, మాసబ్ ట్యాంక్, చింతల్ బస్తీ, ఖైరతాబాద్ మీదుగా సాగర్‌లో కలుస్తుంది. మోటార్లు లేని రోజుల్లో, నేల వాలు ఒక్కటే నమ్ముకుని అంత దూరం నీళ్ళు నడిపించారంటే ఆ పని చేసినవాళ్ళకి దండం పెట్టాలి. సాగర్‌ని 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించారు, 1930 ప్రాంతం దాకా ఆ నీళ్ళు జనం తాగారు కూడా. ఇప్పుడా మాట పిల్లలకి చెబితే నమ్మడం లేదు.

మాసబ్ ట్యాంక్ కూడా ఒకప్పుడు నిజంగా చెరువే, మా సాహెబా తలాబ్. చాచా నెహ్రూ పార్కు ఉన్నది ఆ చెరువు జాగాలోనే.

1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత లియొనార్డ్ మన్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో 1912-15 మధ్య నగరమంతా సర్వే చేసి మ్యాపులు గీశారు, బావులూ నాలాలూ ఇళ్ళూ అన్నీ వాటిలో ఉన్నాయి. మన సభ్యుల్లో రిటైరైన ఇంజినీరు గారొకరు ఆ మ్యాపుని ఇప్పటి శాటిలైట్ మ్యాపు మీద పెట్టి చూపించారు. ప్రతి వానాకాలం మోకాళ్ళ లోతు నీళ్ళు నిలిచే మూల ఉంది కదా, సరిగ్గా అక్కడే పాత కాలువ మలుపు తిరిగేది! ఆ సాయంత్రం హాల్లో ఎవరూ ఇంటికి కదల్లేదు, పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తమకి గుర్తున్నది చెప్పారు. మొదట ఒడ్డున ఇళ్ళు, తర్వాత రెండు పక్కలా గోడలు, ఆ తర్వాత స్లాబు, స్లాబు మీద రోడ్డు.

స్లాబు వేసినవాళ్ళని తప్పుపట్టలేం. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో సైకిల్ మీద వెళ్తున్న చిన్న పాప నాలాలో పడి చనిపోయింది, అలాంటిది విన్నాక మూయండి అనే ఎవరైనా అంటారు. కానీ మూసేస్తే లోపల పూడిక కనిపించదు, ఎవరు మురుగు పైపు కలిపారో కనిపించదు, వాన మాత్రం మూత చూసి ఆగదు. 2000 ఆగస్టులో ఒక్క రోజులో దాదాపు 24 సెంటీమీటర్లు కురిసింది, మళ్ళీ 2020 అక్టోబరులో ఏమైందో మన సెల్లార్లకి తెలుసు. మూత ఉండాలి, దాన్ని తీసి చూసే వీలూ ఉండాలి, కమిటీ పట్టుపట్టింది ఈ ఒక్క విషయం మీదే.

పూడిక తీయమని తిరిగితే ఒక ఆఫీసువాళ్ళు వాన నీళ్ళే మావి అన్నారు, ఇంకో ఆఫీసువాళ్ళు మురుగే మాది అన్నారు, లోపల రెండూ కలిసే పారుతున్నాయని ఫోటోలతో సహా ఇద్దరికీ కాగితం పెట్టాక గానీ మనుషులు రాలేదు. వచ్చారు, జూన్‌కి ముందే తీశారు, లోపలి నుంచి పరుపులు, టైల్స్ ముక్కలు, ప్లాస్టిక్ సంచులు లారీలకెత్తారు. స్లాబులో కొన్నిచోట్ల ఇనుప మూతలు కూడా పెట్టించాం. ఈ వానాకాలం ఆ మూల నీళ్ళు నిలిచాయి గానీ వాన ఆగిన కాసేపటికే దిగిపోయాయి.

మన పిల్లలు నాలా దారి పొడవునా రోడ్డు మీద నీలం గీత వేశారు. సెల్లారు తవ్వబోయేవాళ్ళకైనా అక్కడ ఏముందో తెలుస్తుంది.

సియోల్‌లో 2005లో చేసినట్టు పైన రోడ్డు తీసేసి వాగుని బయటికి తెద్దామని కొందరు సభ్యులు అడిగారు. అక్కడ నది నుంచి నీళ్ళు మోటార్లతో తోడి పోస్తున్నారు, మన దగ్గర ముందు మురుగు ఆగాలి, ఆ తర్వాతే మిగతా మాటలు. కాబట్టి వచ్చే ఏడాది మొదటి పని మురుగు కనెక్షన్లు. నాలాలోకి పైపు ఉన్న ఇళ్ళవాళ్ళు మొహమాటపడకుండా కమిటీకి చెప్పండి, మార్పించడానికి ప్లంబర్‌తో రేటు మాట్లాడి ఉంచాం, ఒకేసారి ఖర్చు భరించలేనివాళ్ళకి సంఘం నిధి నుంచి సర్దుతాం. పాత ఫోటోలు, నాలా హద్దులు రాసి ఉన్న దస్తావేజులు ఉంటే జిరాక్సులు ఇవ్వండి, మ్యాపులో ఇంకా రెండు మలుపులు తేలాల్సి ఉంది.