ఫ్రీజర్‌లో దాచిన గుడ్లు చెప్పిన సంగతి

సంపాదకులు గారికి నమస్కారం.

ఉత్తర యూరప్‌లోని బాల్టిక్ సముద్రం రసాయన కాలుష్యం నుంచి కోలుకుంటున్న తీరు మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. డీడీటీ అనే పురుగుమందును, పీసీబీలు అనే పారిశ్రామిక రసాయనాలను నిషేధించారు, గద్దలు తిరిగొచ్చాయి, సీళ్లు తిరిగొచ్చాయి అని రాశారు. తప్పేం లేదు. కానీ అది చదివినవాళ్లకు నిషేధం ఒక్కటే మందు అనిపిస్తుంది. దేన్నయినా నిషేధించాలంటే ముందు అది ఉందని తెలియాలి కదా. ఎలా తెలిసిందో వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు. నా ఉద్యోగమంతా ప్రయోగశాలలో గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ ముందే గడిచింది కాబట్టి ఆ లోటు నాకు కాస్త ఎక్కువగానే గుచ్చుకుంది.

ఆ యంత్రం కాగితం మీద ఒక గీత గీస్తుంది. నమూనాలో ఉన్న ఒక్కో పదార్థానికీ ఆ గీత ఒక్కోచోట పైకి లేస్తుంది. దాన్ని పీక్ అంటాం. మనం వెతికేదాని పీక్ ఎక్కడ రావాలో ముందే తెలుసు. దాన్ని కొలిచి, లెక్కగట్టి, రిపోర్టు పంపేస్తాం. పక్కన ఇంకో నాలుగు లేచినా వాటి సంగతి అడిగేవాళ్లుండరు. ‘గుర్తు తెలియనివి’ అని రాసి నేనూ కాగితం తిప్పేసిన రోజులు చాలానే ఉన్నాయి.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో సోరెన్ జెన్సెన్ అనే రసాయనవేత్త అలా తిప్పెయ్యలేదు. 1964లో ఆయన వెతుకుతున్నది డీడీటీని. చేపల్లో, గద్దలో డీడీటీతోపాటు పేరు తెలియని పీకులు వరసగా లేచాయి. మ్యూజియంలో దాచిన పాత గద్ద ఈకల్ని తెప్పించి చూశాడు. 1944 నాటి ఈకల్లోనూ అవే ఉన్నాయి. అప్పటికి డీడీటీ అక్కడి పొలాల్లోకి రాలేదు, అంటే ఇది వేరే ఏదో. రెండేళ్లు దాని వెంటపడి 1966లో బయటపెట్టాడు, అవి పీసీబీలని. ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలోనూ రంగుల్లోనూ కలిపే ఆ సరుకును ఫ్యాక్టరీలు 1929 నుంచీ తయారు చేస్తూనే ఉన్నాయి. అది సముద్రంలో ఉందేమో చూడమని ఆ ముప్ఫై ఏడేళ్లలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. జెన్సెన్ తన తల వెంట్రుకల్నీ, భార్యవీ, పసిబిడ్డవీ పరీక్షించుకున్నాడు. వాటిలోనూ దొరికాయి.

ఇది బాల్టిక్‌లోనే ముందుగా బయటపడటం నాకు వింతగా అనిపించదు. పేరుకు సముద్రమే గానీ అది మూతి ఇరుకైన తొట్టె. సగటు లోతు 55 మీటర్లు. బయటి సముద్రంతో కలిపేవి డెన్మార్క్ దగ్గరి లోతు లేని జలసంధులే. నీరంతా ఒకసారి మారడానికి ముప్ఫై ఏళ్ల దాకా పడుతుంది. చుట్టూ తొమ్మిది దేశాలు, దాని నదీ పరీవాహక ప్రాంతంలో ఎనిమిదిన్నర కోట్ల జనం. అందులోకి పోసింది అందులోనే తిరుగుతూ అడుగు మట్టిలో దిగుతుంది, తుపాను రేగితే మళ్లీ పైకి లేస్తుంది. నీటిలో లెక్కకు అందనంత తక్కువగా ఉన్నది నాచు నుంచి పురుగుకు, పురుగు నుంచి చేపకు, చేప నుంచి సీల్‌కు పోయేసరికి కొవ్వులో ఎన్నో రెట్లు పేరుకుంటుంది. అందుకే ఈ పని తెలిసినవాళ్లు నీటి సీసాతో ఊరుకోరు. హెర్రింగ్ చేప కాలేయం, ఆల్చిప్ప, పక్షి గుడ్డు, అడుగు మట్టి, వీటినే పట్టుకుంటారు.

గద్దల సంగతి మీరు రాశారు కాబట్టి ఒక ముక్క కలుపుతాను. 1970లలో స్వీడన్ తీరంలో తెల్లతోక గద్దల జంటల్లో పిల్లల్ని పెంచగలిగినవి నాలుగో వంతు కూడా లేవు. పెంకు పలచబడి గుడ్లు పొదిగేటప్పుడే చితికిపోయేవి. కానీ నాలుగో వంతు అంటే తక్కువా, మామూలేనా? పాత పక్షి పరిశీలకులు ఎప్పుడో రాసిపెట్టిన గూళ్ల వివరాలు తిరగేస్తేనే, ఒకప్పుడు పదింటిలో ఏడు జంటలు పిల్లల్ని లేపేవని తేలింది. ఆ రాతలు లేకపోతే ఈ పక్షి ఇంతేనేమో అనుకుని ఊరుకునేవాళ్లు. సీళ్లదీ అలాంటి కథే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లక్ష దాకా ఉన్న బూడిదరంగు సీళ్లు ముందు వేటకు, తర్వాత పీసీబీలతో గర్భసంచులు మూసుకుపోయి తరిగి, 1970లకి కొన్ని వేలకు దిగాయి. ఇప్పుడు లెక్కపెడితే నలభై వేలకు పైగా కనిపిస్తున్నాయి.

అసలు నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం మాత్రం గిల్లెమాట్ అనే ఇంకో పక్షి. స్వీడన్‌లోని గోట్లాండ్ దీవి పక్కన స్టోరా కార్ల్‌సో అనే చిన్న దీవి ఉంది. కొండ అంచుల మీద ఆ పక్షులు గుడ్లు పెడతాయి. 1968 నుంచి ఏటా కొన్ని గుడ్లు తెచ్చి డీడీటీకీ, పీసీబీలకీ పరీక్ష చేసేవాళ్లు. పరీక్ష అయ్యాక మిగిలింది పారెయ్యకుండా స్టాక్‌హోంలోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో గడ్డకట్టించి దాచారు. ఎందుకు దాస్తున్నారని అప్పుడు అడిగితే వాళ్ల దగ్గర గట్టి జవాబు ఉండేది కాదనుకుంటాను. తర్వాత ఎప్పుడో, మరకలు అంటని బట్టల్లోనూ మంటలార్పే నురగలోనూ వాడే పీఎఫ్‌ఓఎస్ అనే పదార్థం మీద అనుమానం వచ్చింది. ఆ గుడ్లు బయటికి తీసి చూశారు. 1968 నుంచి 2003 లోపు దాదాపు ముప్ఫై రెట్లు పెరిగింది. 1968లో ఆ పదార్థాన్ని అంత సన్నగా కొలిచే యంత్రమే లేదు. కొలవడం చేతకాని రోజుల్లో తీసిన నమూనా, కొలవడం వచ్చాక నోరు విప్పింది. ప్రకృతిలో చెడకుండా నిలిచిపోయే విషరసాయనాల్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది, స్టాక్‌హోం ఒప్పందం అంటారు. పీఎఫ్‌ఓఎస్ 2009లో దాని జాబితాకెక్కింది.

ఇంత చేసిన దేశాల్నీ మెచ్చుకుని ఊరుకోలేం. బాల్టిక్ హెర్రింగ్‌లో డయాక్సిన్లు అనే విషపదార్థాలు యూరోపియన్ యూనియన్ పరిమితిని దాటవచ్చని తెలిసి కూడా స్వీడన్, ఫిన్లండ్‌లు మినహాయింపు తీసుకుని తమ దేశాల్లో అమ్ముకుంటున్నాయి. బదులుగా జనానికి సలహా ఇస్తున్నాయి: పిల్లలు, గర్భం వచ్చే వయసులోని స్త్రీలు ఎక్కువగా తినొద్దని. స్వీడన్ అయితే ఏడాదికి రెండు మూడు సార్లకు మించొద్దంటోంది. జాలరుల జీవనోపాధి సంగతి నాకు అర్థమవుతుంది. అయినా కొలత ఎంత చక్కగా ఉన్నా చివరికి బరువు తల్లి తిండి మీద పడుతోందంటే, ఆ కొలత సగం పనే చేసినట్టు.

నిషేధాల విషయంలోనూ నాకొక ఫిర్యాదు ఉంది. ఒక్కో పదార్థాన్నీ విడివిడిగా పట్టుకుని, ఇరవై ఏళ్లు రుజువులు పోగేసి, తీరా ఆపేసరికి దాని తమ్ముడు మార్కెట్లో దిగి ఉంటాడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టుంటుంది ఈ వరస. పీఎఫ్‌ఓఎస్ బంధువర్గమైన పీఫాస్ పదార్థాలు పదివేలకు పైమాటే. ప్రకృతిలో ఒక పట్టాన చెడవు. 2023 జనవరిలో డెన్మార్క్, జర్మనీ, నెదర్లాండ్స్, నార్వే, స్వీడన్ కలిసి వీటన్నిటినీ గుంపుగానే కట్టడి చేద్దామని యూరప్ రసాయనాల సంస్థకు ప్రతిపాదన ఇచ్చాయి. అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దని తయారీదారులు వాదిస్తున్నారు. వైద్య పరికరాల్లాంటి కొన్ని చోట్ల వాదనలో బలం ఉంది, వాటికి గడువివ్వొచ్చు. కూర అంటుకోని పెనానికీ, వాన అంటని చొక్కాకీ అదే గడువు అడిగితే మాత్రం ఒప్పుకోబుద్ధి కాదు.

కలిసి కొలవడం కూడా చిన్న విషయం కాదు. బాల్టిక్‌ను కాపాడుకోవడానికి 1974లో కుదిరిన హెల్సింకీ ఒప్పందం మీద సంతకాలు చేసినవాళ్లలో సోవియట్ యూనియన్ ఉంది, పశ్చిమ జర్మనీ ఉంది, తూర్పు జర్మనీ కూడా ఉంది. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగా ఇరుపక్షాలూ ఒకే సముద్రం గురించి ఒకే బల్ల ముందు కూర్చున్నాయి. ఆ ఒప్పందాన్ని నడిపే హెల్‌కామ్ అనే కమిషన్‌లో రష్యాతో కలిసి కూర్చునే సమావేశాలు ఉక్రెయిన్ యుద్ధం వల్ల 2022లో ఆగిపోయాయి. కారణం న్యాయమైనదే. కానీ సెయింట్ పీటర్స్‌బర్గ్ మీదుగా వచ్చే నేవా, బాల్టిక్‌లో కలిసే నదులన్నిటిలోకీ ఎక్కువ నీరు తెచ్చేది. దాని లెక్క తెలియని బాల్టిక్ లెక్క కుంటిదే. 2021కల్లా సముద్రాన్ని బాగు చేస్తామని 2007లో రాసుకున్న ప్రణాళిక గడువులోగా తీరలేదు. 2021లో దాన్నే సవరించి 2030 అని రాసుకున్నారు.

ఒక్క మాట పక్కకు వెళ్లి చెప్తాను. జర్మనీలోని ఊజెడోమ్ దీవి తీరంలో తేనెరాయి దొరికిందని జనం పసుపుపచ్చ ముక్కలు ఏరి జేబులో వేసుకుంటారు. అవి ఒక్కోసారి రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబుల్లోని తెల్ల భాస్వరం. తడి ఆరగానే జేబులోనే భగ్గుమంటాయి. యుద్ధం ముగిశాక ఈ సముద్రంలో దాదాపు నలభై వేల టన్నుల రసాయన ఆయుధాలు కూడా ముంచేశారు. డెన్మార్క్‌కు చెందిన బోర్న్‌హోమ్ దీవి జాలరుల వలల్లో మస్టర్డ్ గ్యాస్ ముద్దలు పడిన సందర్భాలున్నాయి. ముంచినవాళ్లు సరైన పటాలు రాసిపెట్టి ఉంటే ఈనాటి వెతుకులాట ఎంతో తగ్గేది.

అందుకని మీకు ఒక విన్నపం. సముద్రాల్లో రసాయనాల గురించి ఏ సంస్థ లెక్క విడుదల చేసినా దాన్ని అచ్చువేసే ముందు మీ విలేఖరి చేత అడిగించండి: ఇది ఎన్నేళ్లుగా కొలుస్తున్నారు, ఏ జీవిలో కొలిచారు, మిగిలిన నమూనా ఇప్పుడు ఎక్కడుంది అని. మొదటి రెంటికీ జవాబు ఎలాగోలా వస్తుంది. మూడోదానికి చాలాచోట్ల రాదు. పారేశాం అంటారు, లేదా ఫ్రీజర్ కరెంటు ఖర్చు భరించలేక ఆపేశాం అంటారు. ఆ జవాబును కూడా లెక్క పక్కనే అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయన విశ్లేషకుడు